బుడగ లేదు

సబ్బునీళ్ళు కలపడంలో ఆవిడ చేతికి తిరుగులేదని లైను గ్యాంగులో అందరూ ఒప్పుకుంటారు. నీళ్ళెక్కువైతే నురగ జారిపోతుంది, సబ్బెక్కువైతే ముద్దకట్టి కూర్చుంటుంది. బకెట్లో చెయ్యి ముంచి, రెండు వేళ్ళు రాసి చూసి, "ఇంకో గుప్పెడు" అనో "చాల్లే" అనో ఆవిడ అంటే అదే ఆఖరి మాట. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అందుకే ఆవిడ అసలు పేరు గేటు దగ్గరి హాజరు మిషనుకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. అందరికీ సబ్బక్కే.

పని చెప్పుకోవడానికి చిన్నదే. కరెంటు కంపెనీకి ఊరి చివర గ్యాసుతో నడిచే యూనిట్ ఒకటుంది. దానికి గ్యాసు తెచ్చే పైపు కాలవ గట్టు వెంట, మోకాలెత్తు సిమెంటు దిమ్మల మీద పన్నెండు కిలోమీటర్లు పాకుతూ వస్తుంది. పైపుకీ పైపుకీ మధ్య జాయింటు, అక్కడక్కడ ఒక వాల్వు. ప్రతి జాయింటు చుట్టూ బ్రష్షుతో సబ్బునీళ్ళు పూసి, మనసులో అరవై లెక్కపెట్టి చూడాలి. లోపల్నుంచి గ్యాసు కారుతుంటే బుడగ లేస్తుంది. పెద్ద బుడగైతే ఎర్ర బిళ్ళ కట్టాలి, ఆ రోజే మరమ్మతు. సన్న నురగైతే పసుపు బిళ్ళ. ఆరుబయట గాలిలోకి పోయేదేగా, పేలదు, తీరికున్నప్పుడు చూసుకోవచ్చు. ఏమీ లేకపోతే పుస్తకంలో ఆ జాయింటు నంబరు పక్కన "బుడగ లేదు" అని రాయాలి. వంటింటి గ్యాసుకి కలిపే కంపు ఈ గ్యాసుకి కలపరు. కాబట్టి ఇక్కడ ముక్కుని నమ్ముకుంటే లాభం లేదు, కంటినే నమ్ముకోవాలి.

పుస్తకం రాయడం ఆవిడకి ఆలస్యంగా అబ్బిన విద్య. గ్యాంగులో బోల్టులు బిగించే రెంచీ అన్న మొదట్లో ఆవిడ చెబుతుంటే రాసేవాడు. ఆయన కళ్ళు మసకబారాక ఆ పని ఆవిడ మీద పడింది. అప్పుడు, ఆవిడ నలభై ఏడో ఏట, మొగుడు అక్షరాలు నేర్పాడు. ఆయన టైలరు. మిగిలిపోయిన లైనింగు గుడ్డ గోడకి కట్టి, దాని మీద సుద్దబిళ్ళతో గీసి చూపించేవాడు.

"ఇదిగో, 'డ'. చూడు, నీలాగే నడుమ్మీద చెయ్యేసుకుని పోట్లాటకి నుంచుంది."

"మరి నీలాంటిదేదీ లేదా ఇందులో?"

"సున్నా ఉందిగా!"

అలా మిగతా అక్షరాలన్నిటికన్నా ముందు ఆవిడకి వచ్చిన మాటలు ఆ రెండే: బుడగ లేదు. పేజీకి ముప్పై సార్లు రాసేది, ముత్యాలు పేర్చినట్టు. పేజీ చూపిస్తే ఆయన కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని చూసి, "కుట్టు బానే పడింది ఇంజినీరు గారూ" అనేవాడు.

ఆ మనిషే కిందటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం కుట్టుమిషను మీదకి వాలిపోయాడు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఆవిడని పక్కకి పిలిచి చెప్పింది. "ఈసారికి బయటపడ్డాడు. గుండె, కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయి. ఇంకోసారి ఇలా వడదెబ్బ తగిలితే మనిషి మిగలడు. మధ్యాహ్నం పూట ఫ్యాను ఆగకూడదు. ఒంటి మీద తడిగుడ్డ ఆరకూడదు. గుర్తుంటుందా?"

గుర్తుండకేం. అప్పట్నుంచీ ఆవిడకి ఇంకో ధ్యాస లేదు. ఈ ఎండాకాలం ఆయన్ని గట్టెక్కించాలి, అంతే. కొడుకుని వెంటబెట్టుకుని రేకుల కప్పు మీద తడిపిన గోనెలు పరిచింది. కుట్టుమిషనుని కిటికీ దగ్గర్నుంచి గోడ మూలకి జరిపింది. కానీ ఫ్యాను ఆవిడ చేతిలో లేదు. ఎండ నలభై దాటిన రోజల్లా కాలనీకి మధ్యాహ్నం కరెంటు తీసేసేవాళ్ళు. ఒక్కోరోజు గంట, ఒక్కోరోజు మూడు గంటలు.

"అదేంట్రా, మీరు చేసేదే కరెంటు. మనింటికే లేకపోవడమేంటి?" అని కొడుకుని నిలదీసేది. కొడుకు ఆ గ్యాసు యూనిట్లోనే ఆపరేటరు. ముప్పై ఏళ్ళొచ్చాయి, పెళ్ళి మాటెత్తితే చాలు షిఫ్టుకి టైమైందంటాడు.

"ఎండ ముదిరితే ఊరంతా ఒకేసారి ఫ్యాన్లు, ఏసీలు వేస్తారమ్మా. సరిగ్గా అప్పుడే మా మిషను నీరసపడుతుంది. అది గాలి పీల్చుకుని పనిచేసేది. వేడికి గాలి పలచబడితే దానికి ఊపిరి చాలదు."

"మీ నాన్న లాగే అన్నమాట," అంది ఆవిడ. మిషను దగ్గర్నుంచి టైలరు, "నాకు జీతమివ్వట్లేదుగా!" అని అరిచాడు. ముగ్గురూ నవ్వారు.

ఆ నెలలోనే కంపెనీ గోడల నిండా కొత్త బోర్డులు వెలిశాయి. ఇంకో రెండు గ్యాసు యూనిట్లు కడతారట. బొగ్గులా నల్లటి పొగుండదట, కరెంటు కోతలుండవట. జనం అభిప్రాయం చెప్పడానికి కమ్యూనిటీ హాల్లో సభ పెడతారట. పక్కింటావిడ మనవరాలిని చంకనేసుకుని వచ్చి మరీ ఆ కబురు చెప్పింది. పాపకి ఏడు నెలలు, ఒళ్ళంతా చెమటకాయలు. "నాలుగేళ్ళకి వస్తుందట వదినా. ఇది బడికెళ్ళే నాటికి చక్కగా ఫ్యాను కింద పడుకుంటుంది," అంది. సబ్బక్క పాప నుదురు తుడిచింది. నాలుగేళ్ళు. రేపెప్పుడో కరెంటొస్తుందని తెలిస్తే ఈ మనిషి అప్పటిదాకా నిలబడడూ, అనుకుంది. ఆశకి లెక్కలు రావు.

సభకి ముందు పైపు మొత్తం తనిఖీ చేసి పుస్తకం పైకి పంపాలని ఆర్డరు వచ్చింది. వారం గడువు. సూపర్వైజరు ఊరికే తొందరపడే రకం. వెనకాల అందరూ ఆయన్ని తొందర సారంటారు. ఆ వారం ఆయన జీపు దిగకుండానే మాట్లాడేవాడు.

ఒకప్పుడు లైనుకి తెల్లవారుతూనే వెళ్ళేవాళ్ళు. చల్లటి పైపు మీద సబ్బునీళ్ళు చాలాసేపు నిలిచేవి, బుడగ నిమ్మళంగా లేచేది. ఐదేళ్ళ కిందట గేటు దగ్గర వేలిముద్రల మిషను పెట్టారు. అది తొమ్మిదింటికి గానీ హాజరు వేసుకోదు. వేలు పెట్టి, సామాను తీసుకుని, కాలవ గట్టుకి చేరేసరికి పది. అప్పటికి పైపు పెనంలా ఉంటుంది. బ్రష్షుతో పూసిన నీళ్ళు చుయ్యిమంటాయి. అరవై లెక్కపెట్టేలోపే, ఇరవై దగ్గరే, తెల్లటి చార మిగుల్తుంది. బుడగ లేవడానికి తడి ఏదీ?

"బుడగలకి కూడా వడదెబ్బే," అన్నాడు రెంచీ అన్న, తలకి తువాలు చుట్టుకుంటూ.

"ఏం రాయమంటావన్నా మరి?"

"కనబడిందా?"

"లేదు."

"కనబడలేదుగా. అదే రాయి."

ఆవిడ అదే రాసింది. ఆ ఒక్క రోజే కాదు, ఐదేళ్ళుగా రాస్తున్నది అదే. ఏటేటా బిళ్ళలు తగ్గుతున్నాయి. పైపు బాగుపడిందనే ఆవిడ కూడా అనుకుంది. నిజానికి అనుకోవడానికి వీలుగా ఉందని అనుకుంది.

వారంలో నాలుగో రోజు తెల్లవారుజామున ఒక జల్లు పడింది. పదిన్నర దాకా మబ్బు వీడలేదు. రెంచీ అన్న ముందు రోజు చూసిన వాల్వు దగ్గర పెద్ద రెంచీ మర్చిపోయాడు. దాని కోసం ఇద్దరూ వెనక్కి నడిచారు. ఆయన వంగి రెంచీ వెతుక్కుంటుంటే, ఊరికే నిలబడడం చేతకాక ఆవిడ ఆ వాల్వుని పొడిగుడ్డతో తుడిచి సబ్బునీళ్ళు పూసింది.

పది లెక్కపెట్టకముందే బుడగ లేచింది. నిమ్మకాయంత. పగిలింది. ఇంకోటి లేచింది.

ఆవిడ పక్క జాయింటుకి వెళ్ళింది. అక్కడా అంతే. ఆ పక్కది సన్న నురగ. నాలుగోది ఏమీ లేదు. ఐదోది మళ్ళీ. ముందు రోజు తన చేత్తో "బుడగ లేదు" అని రాసిన పద్నాలుగు జాయింట్లలో పదకొండు ఉడుకుతున్న గంజిలా బుసబుసలాడాయి. రెంచీ అన్న నోరు తెరుచుకుని చూశాడు. "ఇదేంటమ్మా, పైపు నిండా చిల్లులేనా?" అన్నాడు.

సాయంత్రం జీపు ఆగగానే ఆవిడ పరిగెత్తుకెళ్ళింది. అంతా విని తొందర సారు స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు.

"వాన పడితే నురగ రాదా ఏంటి?"

"తుడిచే పూశానండీ. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడాలండీ అసలు. ఎండకి ఏదీ కనబడట్లేదు. మొత్తం మళ్ళీ చూడాలి."

"మొత్తమా! సభ పది రోజుల్లో ఉంది సబ్బక్కా. బిళ్ళలు పెరిగితే అనుమతి ఆగుతుంది. అనుమతి ఆగితే యూనిట్లు ఆగుతాయి. అప్పుడు ఆగేది మీ ఇంట్లో ఫ్యాను. మా ఇంట్లో కాదు." మళ్ళీ తనే గొంతు తగ్గించాడు. "ఆరుబయట పైపమ్మా అది. పేలేది కాదు, కాలేది కాదు. ఆకాశంలోకి పోయేదానికి నువ్వెందుకు బెంగపడతావు? పెద్దవి రెండుంటే చెప్పు, బిగించేద్దాం. మిగతావి వదిలెయ్."

ఫ్యాను మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది.

ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. ఆయన ఒక పాత చొక్కా కాలరు విప్పుతున్నాడు. పని ఆపకుండానే విన్నాడు.

"కొత్త గుడ్డ తడపకుండా కొలిచి కత్తెర పెడితే ఏమవుతుంది?"

"ఉతికాక కురచైపోతుంది."

"కొలిచినప్పుడు మాత్రం సరిగ్గానే ఉంటుంది కదా? టేపు అబద్ధం చెప్పలేదు కదా?" దారం పళ్ళతో తెంపాడు. "అట్లాంటి కొలతే మీ పుస్తకం. దాన్ని పట్టుకుని వాళ్ళు కత్తెర పెడుతున్నారు. పైగా ఒక పైపు చాలక ఇంకో రెండు. వద్దని చెప్పు. చూడలేదు, మళ్ళీ చూస్తాం అని రాయి."

"అట్లా రాస్తే యూనిట్లు ఆగిపోతాయంట."

"ఆగితే ఆగుతాయి. నా కోసం రాసేటట్టయితే అసలొద్దు." ఆయన కళ్ళజోడు తీశాడు. కళ్ళజోడు తీస్తే ఆయన ముఖం ఉన్నట్టుండి ముసలిదైపోతుంది. "నీకు అక్షరాలు నేర్పింది దీనికి కాదు."

శనివారం పుస్తకం ముగించే రోజు. తొందర సారు ఆఖరి పేజీ తెరిచి టేబులు మీద పెట్టాడు. కిటికీ బయట ఎండ తెల్లగా మండుతోంది. ఆవిడకి కళ్ళ ముందు ఒక్కటే కనబడింది: మూలకి జరిపిన కుట్టుమిషను, దాని మీదకి వాలిన తల. పెన్ను తీసుకుంది. రెండు పెద్ద జాయింట్లకి ఎర్ర బిళ్ళలు రాసింది. మిగిలిన తొమ్మిదీ అలాగే ఉంచింది. కింద, ఎప్పట్లాగే ముత్యాల్లాంటి అక్షరాలతో, సంతకం పెట్టింది.

రాత్రి అన్నాల దగ్గర ఆయన అడిగాడు. "పుస్తకం ఏం చేశావు?"

"మళ్ళీ చూద్దామన్నారు. పొద్దున్నే వెళ్ళమన్నారు."

"అద్గదీ!" ఆయన ముఖం వెలిగింది. "ఇంజినీరు గారంటే మాటలా!"

ఆవిడ ముద్దని కంచంలోకి జార్చి చెయ్యి కడుక్కుంది. ఆయన అక్కడితో ఆగలేదు. మర్నాడు పొద్దున్న వాకిట్లో పక్కింటావిడతో, జాకెట్టు కుట్టించుకోవడానికొచ్చిన నర్సుతో, చివరికి నీళ్ళ ట్యాంకరు డ్రైవరుతో కూడా చెప్పాడు. మా ఆవిడ కంపెనీ పుస్తకాన్నే తిరగరాయిస్తోందని. ఆవిడ లోపల గిన్నెలు తోముతూ విన్నది. అదే గిన్నెని మళ్ళీ మళ్ళీ తోమింది.

సంతకం పెట్టిన మూడో రోజు ఎండ నలభై ఆరుకి వెళ్ళింది.

పొద్దున్న బయల్దేరేటప్పుడు ఆయనకి దుప్పటి తడిపి కప్పింది. చెంబు, గ్లాసు చేతికందేలా పెట్టింది. "ఇవాళ మిషనెక్కావంటే ఊరుకోను," అంది. "ఎక్కనులే, గుర్రమా ఏంటి అది!" అన్నాడు. పన్నెండుంపావుకి కాలనీకి కరెంటు తీశారు. సాయంత్రం నాలుగున్నర దాకా ఇవ్వలేదు. నాలుగింటికి పక్కింటావిడ పాపని ఎత్తుకుని, కాస్త నీడగా ఉంటుందేమోనని ఇటు వచ్చి చూసింది. దుప్పటి ఎండి అట్టకట్టి ఉంది. ఆయన ఒళ్ళు కాలిపోతోంది, చెమట మాత్రం చుక్క లేదు. పిలిస్తే పలకలేదు. పాపని నేల మీదే పడుకోబెట్టి, బిందెడు నీళ్ళూ ఆయన మీద పోసి, కేకలు పెట్టింది.

సబ్బక్క వచ్చేసరికి నేలంతా తడి. ఆ తడిలో ఆయన పడుకుని ఉన్నాడు, ఎవరో బాగా కడిగి ఆరేసినట్టు. పక్కింటావిడ ఆయన పాదాలు రుద్దుతూనే ఉంది. "రెండే రెండు నిముషాలు వదినా," అంటోంది. "రెండు నిముషాలు ముందొస్తే..." సబ్బక్క ఆవిడ చేతులు పట్టుకుని ఆపింది. ఏడవలేదు. ఫ్యాను వైపు చూసింది. అది ఆగే ఉంది. ఆవిడ చూస్తుండగానే కరెంటొచ్చి, చిన్నగా మూలిగి, తిరగడం మొదలుపెట్టింది.

అది తిరుగుతుంటే అప్పుడు ఏడ్చింది.

సభ వాయిదా పడలేదు. నాలుగు రోజులైంది ఆయన పోయి. వెళ్ళొద్దన్నాడు కొడుకు. ఆవిడ చీర మార్చుకుని వెళ్ళి మూడో వరసలో కూర్చుంది. కొడుకు వెనకే వచ్చి గోడవారన నిలబడ్డాడు. హాల్లో కాలనీ అంతా ఉంది. వేదిక మీద అనుమతులిచ్చే ఆఫీసు నుంచి వచ్చిన అధికారిణి కూర్చుంది. చిన్న వయసు, చేతిలో పెన్సిలు. కంపెనీ పెద్దమనిషి ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. మెట్లు దిగుతున్నట్టున్న గీత ఒకటి వేశారు.

"మా పైపులో లీకులు ఐదేళ్ళలో ఎలా తగ్గాయో చూడండి. ఇదిగో ఈ ఏటి పుస్తకం. మా సిబ్బంది స్వహస్తాలతో రాసింది."

తెర మీద గోడంత పేజీ వచ్చింది. బుడగ లేదు. బుడగ లేదు. బుడగ లేదు. ఒక్కో అక్షరం మనిషంత ఎత్తున, నడుమ్మీద చెయ్యేసుకుని నుంచుంది. ఆవిడ తనకి తెలీకుండానే లేచింది.

"అమ్మా, కూర్చోండి, మీ వంతు..."

"ఆ రాత నాదండీ," అంది. "అది తప్పు."

ఆవిడకి మాటలు కూర్చుకోవడం రాదు. వచ్చినట్టే చెప్పింది. హాజరు మిషను సంగతి, పది గంటల పైపు సంగతి, ఇరవై లెక్కపెట్టేలోపు ఆరిపోయే సబ్బునీళ్ళ సంగతి. "ఎండ పెరిగే కొద్దీ బుడగలు కనబడలేదండీ. కనబడనివన్నీ లేవని రాశాను. అందుకే ఆ గీత దిగింది. పైపు బాగుపడి కాదు. వాన పడ్డ రోజు చూస్తే పద్నాలుగింట్లో పదకొండు కారుతున్నాయి."

తొందర సారు లేచి, "ఆవిడ పుట్టెడు దుఃఖంలో ఉంది మేడం," అన్నాడు. అది అబద్ధం కాదు.

అధికారిణి పెన్సిలు పక్కన పెట్టింది. "మొత్తం ఎన్ని కారుతున్నాయో చెప్పగలరా?"

"చెప్పలేనండీ. చూడలేదు కదా." అంతలోనే, "ఆకాశంలోకి పోయేదానికి బెంగెందుకన్నారు. నిజమేనా అండీ? పైకి పోతే ఏమీ కాదా?" అని అడిగింది. ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

అధికారిణి కంపెనీ వాళ్ళ వైపు చూడకుండా ఆవిడకే చెప్పింది. "గ్యాసుని మండిస్తే బొగ్గు కన్నా తక్కువ పొగ వస్తుందన్నది నిజమేనమ్మా. కానీ మండకుండా తప్పించుకుపోయేది వేరు. అది పైకెళ్ళి దుప్పటిలా కప్పుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే, మామూలు పొగ పట్టి ఉంచే వేడికి ఇది దాదాపు ఎనభై రెట్లు పట్టి ఉంచుతుంది. ఎండలు ముదరడంలో దానికీ పాలుంది."

"ఎనభై," అని ఆవిడ అంది.

అప్పుడు వెనక నుంచి పక్కింటావిడ లేచింది. చంకలో పాప. ముఖం ఎర్రబడి ఉంది. "ఏంటి వదినా ఇది? నాలుగేళ్ళకైనా ఫ్యాను తిరుగుతుందని మేం చూస్తుంటే, ఇప్పుడొచ్చి అడ్డం పడతావా? నీ మనిషి పోయాడని మా పిల్లల్ని కూడా మాడ్చేస్తావా?" జనం అవునవునన్నారు. ఆవిడ ఇంకా రెచ్చిపోయింది. "అయినా పుస్తకం తిరగరాయించావని అన్నయ్య నాతో చెప్పాడే! వాకిట్లో నిలబడి ఎంత సంబరంగా చెప్పాడు! మరి తిరగరాసింది ఏమైంది?"

సబ్బక్క కుర్చీ వీపు పట్టుకుంది. గోడవారన కొడుకు తల ఎత్తడం కంటి కొసన కనబడింది.

"తిరగరాయలేదు," అంది. "యూనిట్లొస్తే ఆయనకి ఫ్యాను ఆగదని సంతకం పెట్టాను. ఆయన వద్దన్నాడు. తిరగరాస్తున్నారని ఆయనకి అబద్ధం చెప్పాను. ఆయన నమ్మాడు. నమ్మే పోయాడు."

పక్కింటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. అధికారిణి ఏదో రాసుకుంది. చాలాసేపు రాసింది.

నెల తర్వాత కాగితం వచ్చింది. రెండు యూనిట్లలో ఒకటి ఆపారు, ఒకటి కట్టుకోమన్నారు. తనిఖీ సూర్యోదయానికి ముందు జరగాలని, గాలిలో గ్యాసుని పసిగట్టే యంత్రం కొనాలని షరతు పెట్టారు. యంత్రం ఇంకా రాలేదు. సబ్బక్కని లైను నుంచి తీసి స్టోర్సులో వేశారు. అక్కడ బోల్టులని సైజుల వారీగా డబ్బాల్లో వెయ్యడం పని. లైను మీదకి ఎవరెళుతున్నారో, సబ్బునీళ్ళు ఎవరు కలుపుతున్నారో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రెంచీ అన్న ఒకసారి కనబడి, "పొద్దున్నే చూస్తున్నారమ్మా. బిళ్ళలు చాలక అట్టముక్కలు కడుతున్నారు," అని మాత్రం అని, నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు.

ఒక ఆదివారం, కొడుకుకి మధ్యాహ్నం షిఫ్టు. గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కడుతూ, ఉన్నట్టుండి అన్నాడు. "అమ్మా, ఆ రోజు నేను కంట్రోల్ రూములోనే ఉన్నాను."

"తెలుసుగా."

"అది కాదు. మిషను నూట యాభై మెగావాట్లు ఇవ్వాల్సింది నూట పద్దెనిమిదికి పడిపోయింది. ఎంత తంటాలు పడ్డా లేవలేదు. ఏయే కరెంటు లైన్లు తీసెయ్యాలో పైనుంచి ఫోనులో చెబుతుంటే నా పక్కవాడు రాసుకుంటున్నాడు. ఐదోది మన కాలనీ. నేను విన్నాను. వద్దనలేదు. అంటే ఇంకో కాలనీ తీస్తారు. ఏ కాలనీలోనైనా ఒక నాన్న ఉంటాడు కదా అని..." తాడు ముడి పడలేదు. విప్పి మళ్ళీ కట్టాడు. "అలా అనుకున్నానని ఇప్పుడంటున్నాను. అప్పుడేమనుకున్నానో నాకు తెలీదు."

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. వాడి జుట్టులో మిషను నూనె వాసన వేసింది.

"నీ చేతిలో ఏముందిరా నాన్నా."

"నీ చేతిలో మాత్రం ఏముందమ్మా?"

"పెన్నుంది," అంది ఆవిడ.

వాడు ఆవిడ భుజం మీద ఒకసారి తల ఆనించి, లేచి, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఎండలో మిషను నడపాలి వాడు. నడపకపోతే ఎవరి ఇంట్లోనో ఫ్యాను ఆగుతుంది.

ఒంటిగంటకి కరెంటు పోయింది. పక్కింట్లో పాప ఏడుపు మొదలైంది. సభ నాటి నుంచీ ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. ఏడుపు పావుగంట సాగింది, తర్వాత సన్నబడింది. సన్నబడడమే ఆవిడని లేపింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి తలుపు తట్టింది.

పక్కింటావిడ తలుపు తీసి అలాగే నిలబడింది. "నా కోపం పోలేదు వదినా," అంది.

"పోనక్కర్లేదు. పాపని ఇలా ఇవ్వు. నువ్వెళ్ళి నీళ్ళు పట్టుకురా."

పక్కింటావిడ పాపని అందించి బిందె తీసుకుని పరిగెత్తింది. సబ్బక్క పాపని భుజాన వేసుకుని, వీపు మీద అరచెయ్యి ఆనించింది. వీపు కాలుతోంది. ముఖం మీద వంగి ఊదుతూ, మెడ కింద చెమట పడుతోందా లేదా అని వేలితో తడిమి చూస్తూ, ఆవిడ ఆ గడపలో నిలబడింది.